పేగుల్లో పాతకాపు: ఎంటరోకాకస్ ఎప్పుడు జబ్బు చేస్తుంది?

పోయిన వేసవిలో మా పెదనాన్న బాత్రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. వారం తర్వాత ఒక రాత్రి పదకొండు గంటలకి అన్నయ్య వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. యూరిన్ కల్చర్ రిపోర్టు, అంటే మూత్రంలో ఏ బాక్టీరియా పెరుగుతోందో చూసే పరీక్ష. పైన ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే బాక్టీరియా పేరు ఉంది. కింద పద్నాలుగు మందుల పేర్లు, వాటి పక్కన ఒక్కో అక్షరం. ఫొటో వెనకే ఫోను.

"ఒరేయ్, తొమ్మిదింటికి ఆర్ అని ఉందిరా. ఆర్ అంటే ఆ మందు పనిచెయ్యదనేగా? నాన్నకి ఇంక ఏ మందూ పట్టదా?"

మైక్రోబయాలజీ చదివానని మా ఇంట్లో ఇలాంటి ఫోన్లు నాకే వస్తాయి. ఆ రాత్రి అన్నయ్యకి ముక్కలు ముక్కలుగా చెప్పింది ఇప్పుడు కుదురుగా రాస్తున్నాను. ఇలాంటి కాగితం ఇవాళ చాలా ఇళ్లకి వస్తోంది. దాన్ని చూసి పడే టెన్షన్ చాలాసార్లు అసలు జబ్బు కన్నా పెద్దదిగా ఉంటోంది.

ముందు పేరు. గ్రీకులో ఎంటెరాన్ అంటే పేగు, కాకస్ అంటే గింజ. మైక్రోస్కోపు కింద గుండ్రంగా, జంటలు జంటలుగా, చిన్న గొలుసుల్లా కనిపిస్తుంది. మీ పేగుల్లో ఉంటుంది, నా పేగుల్లో ఉంటుంది, కోళ్లలో, పశువుల్లో, పురుగుల్లో కూడా ఉంటుంది. ఒక గ్రాము మలంలో లక్షల సంఖ్యలో ఉన్నా, పేగుల్లోని మొత్తం సూక్ష్మజీవుల్లో దాని వాటా ఒక శాతం కూడా ఉండదు. ఈ ప్రజాతిలో యాభైకి పైగా జాతులున్నాయి. మనుషుల వైద్యంలో ముఖ్యంగా తెలుసుకోవాల్సినవి రెండు: ఫీకాలిస్, ఫీసియం. రిపోర్టులో ఈ రెండో పదాన్ని తప్పకుండా చూడాలి. ఎందుకో తర్వాత చెబుతాను.

1899లో పారిస్‌లో తియర్సెలాన్ అనే వైద్యుడు పేగుల నుంచి వచ్చే ఈ జంట గింజల్ని వర్ణించి, ఎంటరోకాక్ అని పేరు పెట్టాడు. సరిగ్గా అదే ఏడాది అమెరికాలోని బాల్టిమోర్‌లో మెకల్లం, హేస్టింగ్స్ అనే ఇద్దరు, గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్ సోకి చనిపోయిన ఒక రోగి నుంచి ఒక సూక్ష్మజీవిని వేరుచేసి, దానికి వేరే పేరు పెట్టారు. అది కూడా ఇదేనని తర్వాత తేలింది. అంటే పేగుల్లో మామూలుగా ఉండే జీవిగా ఒక ఊళ్లో, గుండెను పాడుచేసే జీవిగా ఇంకో ఊళ్లో ఒకే సంవత్సరం లెక్కకెక్కింది. నూట పాతికేళ్లుగా దీని గురించి నడిచిన పరిశోధనంతా, ఆ రెండు పరిస్థితుల మధ్య ఏం జరుగుతుందో తెలుసుకోవడానికే.

1906 నుంచి దాదాపు ఎనభై ఏళ్లు దీన్ని స్ట్రెప్టోకాకస్ ఫీకాలిస్ అని పిలిచారు. 1984లో జర్మనీకి చెందిన ష్లైఫర్, కిల్పర్-బాల్జ్ డీఎన్ఏ ఆధారాలతో దీన్ని వేరే ప్రజాతిగా విడదీశారు. ఈ పాత పేరు గుర్తుపెట్టుకోండి. విరేచనాలకి మందుల షాపులో ఇచ్చే కొన్ని ప్రోబయాటిక్ క్యాప్సూళ్ల అట్ట వెనక స్ట్రెప్టోకాకస్ ఫీకాలిస్ అని ఇప్పటికీ ఉంటుంది. మన వంటింట్లోనూ ఇది కొత్త కాదు. 1965లో న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవాలో స్టెయిన్‌క్రాస్ బృందం ఇడ్లీ పిండి ఎలా పులుస్తుందో పరీక్షించింది. ముందు ల్యూకోనోస్టాక్ పెరిగి పిండిని పొంగిస్తుంది, దాని వెనకే స్ట్రెప్టోకాకస్ ఫీకాలిస్ పెరుగుతుంది, చివర్న పీడియోకాకస్ వస్తుంది అని ప్రచురించింది. రాత్రి రుబ్బి మూతపెట్టిన పిండి తెల్లారేసరికి పుల్లబడటంలో దీని చెయ్యి కూడా ఉందన్నమాట. ఇడ్లీ పాత్రలో ఆవిరికి ఇవన్నీ చచ్చిపోతాయి కాబట్టి భయపడాల్సింది లేదు.

అన్నయ్యకి ఈ మాట చెప్పగానే గొంతులో కొంచెం ఊపిరి ఆడింది. కానీ వెంటనే అడిగాడు: "అంత మంచిదైతే ఆస్పత్రిలో అందరూ దీని పేరు చెబితే ఎందుకు హడలిపోతున్నారు?"

మొదటి కారణం దాని మొండితనం. 1937లో షెర్మన్ అనే శాస్త్రవేత్త ఎంటరోకాకస్‌ని గుర్తుపట్టడానికి కొన్ని కొలతలు పెట్టాడు. పది డిగ్రీల చలిలోనూ, నలభై అయిదు డిగ్రీల వేడిలోనూ పెరగాలి. 6.5 శాతం ఉప్పులో పెరగాలి. సముద్రం నీళ్లలో ఉప్పు మూడున్నర శాతమే. చాకిరేవు సోడా నీళ్లలాంటి క్షారంలోనూ పెరగాలి. అరవై డిగ్రీల వేడిలో అరగంట ఉంచినా బతికుండాలి. ఈ పరీక్షలన్నీ నెగ్గే బాక్టీరియా చాలా తక్కువ.

ఇంత గట్టితనం దీనికి ఎక్కణ్ణుంచి వచ్చింది? 2017లో అమెరికాలో మైఖేల్ గిల్మోర్ బృందం చెప్పిన జవాబు నాకు ఎంతో ఇష్టం. జన్యువుల్ని పోల్చి లెక్కవేస్తే ఎంటరోకాకస్‌లు సుమారు 42.5 కోట్ల ఏళ్ల కిందటికన్నా ముందే, జంతువులు సముద్రం నుంచి నేలమీదికి పాకుతున్న కాలంలో, తమ బంధువుల నుంచి విడిపోయాయట. సముద్రంలో జంతువు వేసిన మలం అడుగున తడిగానే ఉంటుంది. అందులోని సూక్ష్మజీవికి ఎండిపోయే బెడద లేదు. నేలమీద అలా కాదు. మలం ఎండకి ఎండుతుంది, తిండి ఉండదు, ఇంకో జంతువు పేగులోకి చేరేదాకా నెలల తరబడి కాచుకోవాలి. అందుకు తట్టుకున్నవే మిగిలాయి. ఎండని, ఆకలిని తట్టుకోవడానికి గట్టిపడిన ఆ కణం గోడే ఇవాళ ఆస్పత్రిలో మంచం కమ్మీ మీద, తలుపు పిడి మీద, బీపీ చూసే పట్టీ మీద దాన్ని బతికిస్తోంది. పొడి ఉపరితలాల మీద అయిదు రోజుల నుంచి నాలుగు నెలల దాకా బతుకుతుందని లెక్క. ఆస్పత్రి అనేది దాని దృష్టిలో ఇంకో ఎండిన నేల మాత్రమే. పక్కన మనిషి పేగులు దగ్గరగా ఉన్న నేల.

ఇదే గుణం వల్ల దీనితో ఒక ఉపయోగమూ ఉంది. పేగుల్లో ఉండే ఇంకో బాక్టీరియా ఈ.కోలై ఉప్పునీళ్లలో తొందరగా చచ్చిపోతుంది, ఎంటరోకాకస్ మిగులుతుంది. అందుకే సముద్రంలో మురుగు కలుస్తోందా లేదా చూడ్డానికి దీన్నే లెక్కపెడతారు. 2020లో, శుభ్రమైన బీచ్‌లకి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన విశాఖ రుషికొండ బీచ్ లాంటి చోట్ల, ఆ గుర్తింపు నిబంధన ప్రకారం వంద మిల్లీలీటర్ల నీళ్లలో పేగు ఎంటరోకాకస్‌లు వందకి మించకూడదు.

ఇక మొండితనం ఒక్కటే జబ్బు చెయ్యదు. ఒక శాతం కూడా లేని జీవి గెలవాలంటే మిగతా తొంభై తొమ్మిది శాతానికి ఏదో జరగాలి. నా ఉద్దేశంలో ఈ కథ మొత్తానికి ఆయువుపట్టు ఇదే.

మన పేగుల్లో ఆక్సిజన్ లేకుండా బతికే రకరకాల బాక్టీరియా కిక్కిరిసి ఉంటాయి. అవి తిండిని పంచుకుంటాయి, చోటుని ఆక్రమిస్తాయి, కొన్ని ఎంటరోకాకస్‌ని నేరుగా చంపే పదార్థాలు కూడా తయారుచేస్తాయి. బ్లాషియా అనే రకంలో ఒకటి అలాంటి పదార్థంతో మందులకు లొంగని ఎంటరోకాకస్‌ని అణచివేస్తుందని 2019లో చూపించారు. ఇంకొన్ని బాక్టీరియా ఉండటమే పేగు గోడకి ఒక సంకేతం. వాటి ఉనికిని పసిగట్టిన పేగు కణాలు రెగ్-త్రీ-గామా అనే ప్రొటీన్‌ని విడుదల చేస్తాయి. ఆ ప్రొటీన్ ఎంటరోకాకస్ లాంటి వాటి కణం గోడని దెబ్బతీస్తుంది. అంటే ఇరుగుపొరుగు వాళ్లు ఉన్నంతకాలం కాపలా నడుస్తూ ఉంటుంది.

రోగికి బలమైన యాంటీబయాటిక్స్ వారాల తరబడి ఇచ్చామనుకోండి. ఇరుగుపొరుగు పోతారు. సంకేతం ఆగిపోతుంది, పేగు గోడ ఆ ప్రొటీన్ తయారీ తగ్గించేస్తుంది. 2008లో న్యూయార్క్‌లో ఎరిక్ పేమర్ బృందం ఎలుకల్లో ఈ మొత్తం క్రమాన్ని చూపించింది. మందుకి లొంగని ఎంటరోకాకస్ ఒక్కటే మిగిలి, ఖాళీ అయిన పేగుని నింపేస్తుంది. మనుషుల్లోనూ ఇదే కనిపించింది. ఎముక మూలుగ మార్పిడి చేయించుకున్న రోగుల్ని అదే నగరంలో గమనించినప్పుడు, పేగుల్లో ఎంటరోకాకస్ పైచేయి సాధించినవాళ్లకి వాంకోమైసిన్ అనే మందుకి లొంగని ఎంటరోకాకస్ రక్తంలోకి చేరే ప్రమాదం దాదాపు తొమ్మిది రెట్లు పెరిగింది. రక్తంలో దొరికే ముందు పేగులో పెరిగింది. దాన్ని అలా పెరగనిచ్చింది వేరే జబ్బు కోసం మనం వేసిన మందు.

అందుకే ఇది ఆరోగ్యవంతుల జోలికి మామూలుగా రాదు. దీనికి దారి కావాలి. చాలాసార్లు ఆ దారి మనమే వేస్తాం: యూరిన్ పైపు, మెడ దగ్గర పెట్టే సెంట్రల్ లైన్, కృత్రిమ గుండె కవాటం, డయాలిసిస్, కడుపు ఆపరేషన్. యూరిన్ పైపు విషయం చూడండి. పైపు లోపల రాసుకుంటూ ఉంటే మూత్రాశయం గోడ వాస్తుంది. వాపుతో పాటు ఫైబ్రినోజెన్ అనే రక్తపు ప్రొటీన్ ఊరి, పైపుకి పూత పూసినట్టు పట్టుకుంటుంది. ఎంటరోకాకస్ ఒంటి మీద సన్నని నూగులాంటి పోగులుంటాయి. ఆ పోగుల చివర సరిగ్గా ఈ ప్రొటీన్‌నే పట్టుకుంటుంది. పైపు లేని మూత్రాశయంలో దానికి పట్టు చిక్కడం కష్టం. పైపు ఉంటే పరుపు వేసినట్టే.

పెదనాన్నకి పైపు వేసి అప్పటికి తొమ్మిది రోజులు.

పళ్లలోనూ ఇదే కథ. రూట్ కెనాల్ చేయించుకున్న పన్ను కొన్నేళ్లకి మళ్లీ నొప్పిపెడితే, విప్పి చూసినప్పుడు తరచుగా దొరికే జీవి ఫీకాలిస్. తిండి లేని ఇరుకు గొట్టంలో, డాక్టర్ పెట్టిన క్షారపు మందుని కూడా తట్టుకుని కూర్చుంటుంది. షెర్మన్ కొలతలు గుర్తొచ్చాయా?

ఇప్పుడు ఆ తొమ్మిది ఆర్‌ల దగ్గరికి వద్దాం. వాటిని రెండు రకాలుగా విడదీసి చూడాలి. కొన్ని పుట్టుకతో వచ్చినవి, కొన్ని సంపాదించుకున్నవి.

సెఫ్‌ట్రియాక్సోన్, సెఫిక్సిమ్ లాంటి సెఫలోస్పోరిన్ మందులకి ఎంటరోకాకస్ పుట్టుకతోనే లొంగదు. యాంటీబయాటిక్స్ మనిషి చేతికి రాకముందు నుంచీ అంతే. ఆ మందులు పట్టుకోవాల్సిన ఎంజైమ్ దీనిలో వేరే ఆకారంలో ఉంటుంది. కాబట్టి ఆ వరసలో ఎన్ని ఆర్‌లు ఉన్నా అవి చెడ్డ వార్త కావు, అది ఎంటరోకాకస్ అని మళ్లీ మళ్లీ చెప్పినట్టు, అంతే. మంచి ల్యాబ్‌లు ఆ మందుల్ని ఈ రిపోర్టులో వెయ్యనే వెయ్యవు. అన్నయ్య పంపిన కాగితంలో తొమ్మిదింట్లో అయిదు ఇవే. ఇందులో ఇంకో పాఠం కూడా ఉంది. ఆస్పత్రిలో చేరిన చాలామందికి మొదట పడే ఇంజెక్షన్ సెఫ్‌ట్రియాక్సోన్. అది మిగతావాటిని చంపి, దీనికి చోటు ఖాళీ చేసిపెడుతుంది.

జెంటామైసిన్ విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. ఆ మందు ఒంటరిగా ఎంటరోకాకస్ లోపలికి వెళ్లలేదు. 1940లలో గుండె కవాటాల ఇన్ఫెక్షన్‌కి పెన్సిలిన్ ఒక్కటే ఇస్తే, వేరే స్ట్రెప్టోకాకస్‌లు నయమయ్యేవి కానీ ఇది నయమయ్యేది కాదు. పెన్సిలిన్ దీని పెరుగుదలని ఆపుతుంది, చంపదు. దానికి స్ట్రెప్టోమైసిన్ జత చేస్తే రోగులు బతికారు. పెన్సిలిన్ గోడకి బీటలు పెడితే, ఆ బీటల్లోంచి రెండో మందు లోపలికి దిగింది. ఇప్పటికీ గుండెకి సోకినప్పుడు రెండు మందులు కలిపే, దాదాపు ఆరు వారాలు ఇస్తారు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకి యాంపిసిలిన్‌తో పాటు సెఫ్‌ట్రియాక్సోన్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. విడిగా ఆర్ అని రాసే మందే, జతగా వెళ్తే పనిచేస్తుంది. గోడ కట్టే ఎంజైముల్లో ఒకదాన్ని ఒకటి, ఇంకోదాన్ని ఇంకోటి మూసేస్తాయి. మందు పక్కన ఒక అక్షరం చూసి ఇంట్లో మనం నిర్ణయాలు చెయ్యకూడదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

నిజంగా ఆగి చూడాల్సిన ఆర్ ఒకటుంది. వాంకోమైసిన్ పక్కన ఉండేది.

వాంకోమైసిన్ 1950లలో బోర్నియో అడవుల మట్టి నుంచి దొరికింది. 1958లో వాడకంలోకి వచ్చింది. దాదాపు ముప్ఫై ఏళ్లు దానికి ఎంటరోకాకస్ ఎదురు తిరగలేదు. అది పనిచేసే తీరు చాలా సూటిగా ఉంటుంది. బాక్టీరియా గోడ కట్టుకునే ఇటుకల చివర రెండు అలనిన్ అణువులు ఉంటాయి. వాంకోమైసిన్ ఆ జంటని గట్టిగా పట్టేసుకుంటే ఇటుక ఇటుకకి అతకదు. 1986లో ఇంగ్లండ్‌లో, ఫ్రాన్స్‌లో దొరికిన ఎంటరోకాకస్‌లు ఆ చివరి అలనిన్‌ని తీసేసి లాక్టేట్ అనే వేరే అణువుని పెట్టుకున్నాయి. అంత చిన్న మార్పుకే మందు పట్టు వెయ్యి రెట్లు సడలిపోయింది. ఈ పని చేసే జన్యువుల గుంపుని వాన్-ఏ అంటారు. అవి ఎంటరోకాకస్ కనిపెట్టినవి కావు. వాంకోమైసిన్ లాంటి పదార్థాల్ని తయారుచేసే మట్టి సూక్ష్మజీవులు తమ విషం తమకే తగలకుండా కాపాడుకోవడానికి దాచుకున్నవి. కెనడాలో ముప్ఫై వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న మంచు నేలలో కూడా అవి దొరికాయి.

మట్టిలో ఉన్నది రోగి పేగుల్లోకి ఎలా వచ్చింది? అమెరికాలో ఆస్పత్రులే వాంకోమైసిన్‌ని 1980లలో విపరీతంగా వాడాయి. యూరప్‌లో దారి వేరు. అక్కడ కోళ్లకి, పందులకి తొందరగా ఒళ్లు రావడానికి దాణాలో అవోపార్సిన్ అనే మందు కలిపేవాళ్లు. వాంకోమైసిన్‌కి అది దగ్గరి చుట్టం. ఫారాల్లో లొంగని ఎంటరోకాకస్‌లు గుట్టలుగా తయారయ్యాయి. డెన్మార్క్ 1995లో దాన్ని నిషేధించింది. 1997లో యూరోపియన్ యూనియన్ మొత్తం నిషేధించింది. కోళ్లలో లొంగని రకాలు బాగా తగ్గాయి. పందుల్లో మాత్రం తగ్గలేదు. ఎందుకని వెతికితే, వాన్-ఏ ఉన్న ప్లాస్మిడ్ (ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి మారగల చిన్న డీఎన్ఏ ముక్క) మీదే టైలోసిన్ అనే ఇంకో దాణా మందుని తట్టుకునే జన్యువు కూడా ఉంది. అవోపార్సిన్ ఆపినా టైలోసిన్ వాడకం ఆ మొత్తం మూటని నిలబెట్టింది. 1998లో టైలోసిన్ కూడా ఆపాకే పందుల్లో తగ్గింది. ఒక మందు ఆపితే సరిపోతుందని అనుకునేవాళ్లందరూ ఈ పందుల సంగతి చదవాలి.

ఈ జన్యువుల మూటలు మార్చుకోవడంలో ఎంటరోకాకస్ ఆరితేరింది. ఫీకాలిస్‌లో ప్లాస్మిడ్ లేని కణం ఒక వాసన సంకేతం లాంటి పెప్టైడ్‌ని, అంటే చిన్న ప్రొటీన్ ముక్కని, బయటికి వదులుతుంది. ప్లాస్మిడ్ ఉన్న కణం దాన్ని పసిగట్టి, ఒంటికి జిగురు పూసుకుని దగ్గరికి చేరి ఇచ్చేస్తుంది. 1978లోనే దీన్ని గుర్తించారు. 1987లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో దొరికిన వి583 అనే లొంగని రకం జన్యుక్రమాన్ని 2003లో చదివితే, అందులో పావు వంతు పైగా ఇలా బయటి నుంచి వచ్చిన సరుకే. ఇడ్లీ పిండిలో పెరిగేదీ, ఐసీయూలో పెరిగేదీ ఒకే పేరు పెట్టుకున్నా ఒకే జీవి కాదనడానికి ఇదే ఆధారం. 2002లో మిషిగన్‌లో డయాలిసిస్ చేయించుకుంటున్న ఒక రోగిలో ఈ వాన్-ఏ ఎంటరోకాకస్ నుంచి స్టాఫైలోకాకస్ ఆరియస్ అనే మరో ప్రమాదకరమైన బాక్టీరియాలోకి దూకింది. వైద్యలోకం ఎంతోకాలంగా భయపడుతున్నది అదే. అదృష్టవశాత్తూ అది విస్తరించలేదు.

ఫీకాలిస్‌కీ ఫీసియంకీ తేడా చూడమన్నది ఇందుకే. ఫీకాలిస్ చాలావరకు యాంపిసిలిన్‌కి లొంగుతుంది. ఆస్పత్రి ఫీసియం ఎక్కువగా లొంగదు, వాంకోమైసిన్‌కి ఎదురుతిరిగే రకాలు కూడా దానిలోనే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 జాబితాలోనూ, 2024 జాబితాలోనూ వాంకోమైసిన్‌కి లొంగని ఫీసియంనే అధిక ప్రాధాన్య వర్గంలో పెట్టింది. దానికి లైనజోలిడ్, డాప్టోమైసిన్ లాంటి మందులున్నాయి. వాటికి లొంగనివి కూడా అక్కడక్కడా బయటపడ్డాయి కాబట్టి, వాటిని ఆచితూచి వాడాలి.

జబ్బు అనగానే ఇన్ఫెక్షన్ ఒక్కటే గుర్తొస్తుంది కానీ, పేగుల్లో కదలకుండా కూర్చునే ఎంటరోకాకస్ ఇంకో రకంగానూ మనిషిని తాకుతుందని 2019లో తేలింది. పార్కిన్సన్స్ వచ్చినవాళ్లకి లెవోడోపా ఇస్తారు. అది మెదడు చేరాక డోపమైన్‌గా మారాలి. ఫీకాలిస్‌లోని ఒక ఎంజైమ్ దాన్ని పేగులోనే డోపమైన్‌గా మార్చేస్తుంది. పేగులో తయారైన డోపమైన్ మెదడులోకి వెళ్లలేదు. దీన్ని ఆపడానికే మాత్రలో కార్బిడోపా కలుపుతారు, కానీ అది మనిషి ఎంజైమ్‌ని ఆపినట్టు బాక్టీరియా ఎంజైమ్‌ని ఆపలేదు. ఒకే మోతాదు ఒకరికి సరిపోయి ఇంకొకరికి చాలకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. అదే ఏడాది, మద్యం వల్ల కాలేయం వాచిన రోగుల్లో సైటోలైసిన్ అనే విషాన్ని తయారుచేసే ఫీకాలిస్ ఉన్నవాళ్ల పరిస్థితి మరింత విషమంగా ఉందని ఇంకో బృందం చూపించింది.

ఆ రాత్రి అన్నయ్యని నేను అడిగింది రెండే. "పెదనాన్నకి జ్వరం ఉందా? పొత్తికడుపులో నొప్పి, వణుకు, మాట తడబడటం ఏమైనా ఉన్నాయా?" ఏవీ లేవు. పైపు నిండా మూత్రం తేటగానే ఉందన్నాడు. మరి కల్చర్ ఎందుకు పంపారంటే మామూలుగా అందరికీ పంపుతారట. పైపు వారం పైగా ఉన్నవాళ్ల మూత్రంలో ఏదో ఒక బాక్టీరియా పెరగడం చాలా మామూలు. లక్షణాలు లేకపోతే దాన్ని జబ్బు అనరు, సాధారణంగా మందూ ఇవ్వరు. ఇస్తే ఆ మందు పేగుల్లోని ఇరుగుపొరుగుని ఊడ్చేసి, వచ్చే నెల నిజంగా లొంగని రకానికి చోటు చేస్తుంది. గర్భిణులకి, మూత్రనాళంలో ఆపరేషన్ చెయ్యబోయేవాళ్లకి లెక్క వేరు. రక్తం కల్చర్‌లో ఇదే పేరు వస్తే మాత్రం అది పూర్తిగా వేరే సంగతి, గుండె దాకా వెతకాల్సిందే.

"రేపు రౌండ్స్‌కి వచ్చినప్పుడు డాక్టర్‌గారిని ఏ మందు వేస్తారని అడక్కు. పైపు ఇంకా అవసరమా అండీ అని అడుగు. నాన్నని ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కో. పక్క మంచం వాళ్ల కమ్మీ మీద చెయ్యి వెయ్యకు" అని చెప్పాను.

అన్నయ్య మర్నాడు పొద్దున అడిగాడు. డాక్టర్‌గారు చార్టు తిరగేసి, నడిపిస్తున్నాం కదా, అక్కర్లేదన్నారు. మధ్యాహ్నం పైపు తీశారు. ఏ యాంటీబయాటిక్ రాయలేదు. సాయంత్రం పెదనాన్న వాకర్ పట్టుకుని తనంతట తాను బాత్రూంకి వెళ్లొచ్చారని అన్నయ్య మెసేజ్ పెట్టాడు.